కొండమీది కొలను: కొడైకెనాల్

వేసవి ముదిరినదంటే మా కేంద్రానికి వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. "నాలుగు రోజులు చల్లగా, సందడి లేకుండా ఉండదగిన చోటు ఏదైనా చెప్పండి. పిల్లలనూ పెద్దలనూ తీసుకొని వెళ్ళదలచుకొన్నాము" అని. ఈ కోరికలో రెండు సంగతులు ఇమిడి ఉన్నవి. ఒకటి చల్లదనం, రెండవది నిశ్శబ్దం. చల్లదనం కొండ ఇవ్వగలదు. నిశ్శబ్దం మాత్రం వెళ్ళేవారు కూడా కొంత ఇచ్చుకొంటే తప్ప దొరకదు. ఈ సత్యం మాకు బోధపడినది తమిళనాడులోని కొడైకెనాల్‌లో. అందుచేత ఆ ఊరినిగురించి, ఆ ఊరి నడుమ ఉన్న కొలనునుగురించి, అక్కడి జనజీవితాన్నిగురించి మాకు తెలిసినంతవరకు చెప్పదలచినాము.

మేము వెళ్ళినది వేసవిలో కాదు, కార్తికమాసంలో. మదురైకి ఉత్తరాన కొడై రోడ్డు అనే రైల్వే స్టేషను ఉన్నది. అక్కడ దిగి, ఇంచుమించు 50 మైళ్ళు బస్సులో ప్రయాణం చేయవలె. మొదట కొబ్బరితోటలు, అరటితోటలు, మామిడితోటలు, తరువాత మలుపులు తిరిగే కొండదారి, దానివెంట కాఫీ తోటలు, ఆపైన పొగమంచు. మైదానంలో తీసి సంచిలో పెట్టుకొన్న శాలువాలు సగం దారిలో బయటకు వచ్చినవి. ఊరు చేరేసరికి సాయంకాలమైనది. ఎదుట సరస్సు ఉన్నదని అందరూ చెప్పినారే గాని మాకు కనబడినది తెల్లని మంచు మాత్రమే. మరునాడు ఉదయం ఎండ పొడచూపిన తరువాతనే నీళ్ళు కనబడినవి.

కొడైకెనాల్ పడమటి కనుమలకు తూర్పువైపు చాచిన కొమ్మవంటి పళని కొండలపైన, సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్నది. నేడు దిండిగల్ జిల్లాలోనిది. ఊరిపేరులోని చివరి భాగాన్ని చూచి మనవారు కొందరు అక్కడ ఏదో కాలువ ఉన్నదనుకొంటారు. అది సరికాదు. తమిళంలో కానల్ అనగా అడవి, వనము. మన "కాన" అనే మాటకు అది దగ్గరి చుట్టము. మొదటి భాగానికి అర్థం చెప్పడంలో పెద్దలకు భేదాభిప్రాయాలున్నవి. వేసవి అని కొందరు, తీగ అని కొందరు, కానుక అని మరికొందరు. ఏ అర్థం తీసుకొన్నా చివరకు మిగిలేది అడవియే. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకోవలెనని మా కోరిక. యెందుకనగా ఊరి కథ అంతా దానిలోనే ఉన్నది.

ఎత్తుకు పోయిన కొద్దీ చలి ఎందుకు పెరుగుతుంది? మా ప్రయాణంలో తోడు వచ్చిన పిల్లవాడు ఈ ప్రశ్న వేసినాడు. "పైకి పోతే సూర్యునికి దగ్గరవుతాము గదా! సంపాతి రెక్కలు కాలినవి గదా!" అన్నాడు. ప్రశ్న చక్కనిదే. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. రెండు కిలోమీటర్లు పైకి ఎక్కినంతమాత్రాన ఆ దూరంలో తేడా ఏమీ ఉండదు. ఎండ గాలిని నేరుగా వేడి చేసేది చాలా తక్కువ. ఎండకు మొదట నేల వేడెక్కుతుంది, ఆ నేలవల్ల దానిని ఆనుకొన్న గాలి వేడెక్కుతుంది. వేడి గాలి పైకి లేస్తుంది. పైన గాలి ఒత్తిడి తక్కువ గనుక అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. ఈ విధంగా కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు సెంటిగ్రేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతూ పోతుంది. దానికి తోడు మబ్బులు, చెట్లు. కనుకనే మే నెలలో మదురై పట్టణం 38 డిగ్రీలు దాటి ఉడుకుతున్నప్పుడు కొడైకెనాల్‌లో 20 డిగ్రీల ప్రాంతంలో హాయిగా ఉంటుంది.

ఆ తక్కువ ఒత్తిడి ప్రభావం వంట ఇంటిలో మరింత బాగా తెలుస్తుంది. మేము బస చేసిన ఇంటిలో మొదటినాడు కందిపప్పు పొయ్యిమీద పెట్టినాము. గంట దాటినా పప్పు బద్దలు బద్దలుగానే ఉన్నవి. పప్పు పాతదని అంగడివానిని తప్పు పట్టబోయినాము. తప్పు పప్పుది కాదు, అంగడివానిది అంతకంటె కాదు. మైదానంలో నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది; ఏడువేల అడుగుల ఎత్తున 93 డిగ్రీలకే మరుగుతుంది. మరిగిన తరువాత ఎంత మంట పెట్టినా మూతలేని గిన్నెలో వేడి అంతకు మించదు. కనుక ఆ ఊరిలో ప్రెషర్ కుక్కరు విలాసవస్తువు కాదు, అవసరము. కొడైకెనాల్ వెళ్ళి స్వయంగా వండుకోదలచిన గృహిణులు ఈ సంగతి మరువరాదు.

ఇక ఊరి పుట్టుక. పళని కొండలు జనంలేని కొండలేమీ కావు. పాలియర్లు, పులయర్లు అనే వనవాసులు, వారి తరువాత మైదానంనుంచి ఎక్కి వచ్చి వ్యవసాయం చేసిన కున్నువర్లు, ఊరి పుట్టుకకు చాలా ముందునుంచే అక్కడ ఉన్నారు. 1821లో లెఫ్టినెంట్ వార్డ్ అనే సర్వే అధికారి ఈ కొండలను కొలిచి పటాలు గీసినాడు. మదురైలో మతప్రచారానికి వచ్చిన అమెరికన్ కుటుంబాలు కలరావల్ల, జ్వరాలవల్ల తమవారిని పోగొట్టుకొని, ప్రాణాలు నిలుపుకొనే చోటు కోసం వెదకి, 1845లో ఇక్కడ మొదటి ఇళ్ళు రెండు కట్టుకొన్నారు. అనగా ఈ ఊరు విలాసం కోసం పుట్టినది కాదు, ప్రాణభయంతో పుట్టినది.

అప్పుడు బండిబాట లేదు. కొండ పాదాన పెరియకుళం సమీపంలో కృష్ణమ్మ నాయకుని తోపు అని ఒక విడిది ఉండేది. మదురై నాయకరాజుల కాలంనుంచి ఆ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారి పేర్లు నేటికీ తోపులకు, చెరువులకు, సత్రాలకు మిగిలి ఉన్నవి. ఈ తోపు పేరు కూడా ఆ జాడనే చూపుతుంది. అక్కడిదాకా ఎద్దుబండిలో వచ్చి, అక్కడనుంచి గుర్రంమీదనో, కాలినడకనో, మనుషులు మోసే డోలీలోనో నిట్టనిలువు దారిన ఎక్కేవారు. మోటారు దారి తెరచినది 20వ శతాబ్దం రెండవ దశాబ్దంలో. అంతవరకు దొరల సామానులు, పియానోలతో సహా, కూలీల తలలమీదనే పైకి చేరినవి.

మేము బస చేసినది ఒక వృద్ధురాలి ఇంటిలో. డెబ్బయి దాటిన మనిషి. వెనుకవైపు రెండు గదులు యాత్రికులకు అద్దెకిచ్చి జీవిస్తున్నది. అక్కడి వాడుకను అనుసరించి ఆమెను "పాటీ" అని పిలిచినాము. పాటి అనగా అవ్వ. మా అరకొర తమిళాన్ని ఆమె ఓపికతో భరించినది. తన తాత ఆ పాత దారిలో డోలీ మోసినవాడట. భుజంమీద కాయ కాచి చివరిదాకా మిగిలిపోయినదట. "మా తాత దొరసానులను మోసినాడు, నేను బిందెలు మోస్తున్నాను" అన్నది నవ్వుతూ. ఆ నవ్వులోని అర్థం మాకు మొదటిరోజు తెలియలేదు.

ఇప్పుడు కొలను సంగతి. కొడైకెనాల్ సరస్సును చూచినవారు అది కొండలతోపాటు పుట్టినదనుకొంటారు. ఆకాశంనుంచి చూస్తే నక్షత్రంవలె చేతులు చాచి ఉంటుంది. వైశాల్యం సుమారు 60 ఎకరాలు. చుట్టూ మూడు మైళ్ళ బాట. కాని ఇది దైవికమైన సరస్సు కాదు. మన ఊళ్ళ చెరువులవలె మనుషులు కట్ట కట్టినది. మదురై జిల్లా కలెక్టరుగా ఉండిన వియర్ హెన్రీ లెవింజ్ అనే ఉద్యోగి 1863లో, వాగులు చేరి బురదగా నిలిచిన పల్లాన్ని చూచి, దిగువన అడ్డుకట్ట వేయించి నీరు నిలిపినాడు. చుట్టూ ఉన్న కొండల మడతలలోనికి నీరు పాకడంవల్ల దానికి ఆ నక్షత్రాకారం వచ్చినది. ఉద్యోగం మానిన తరువాత ఆయన ఆ ఊరిలోనే ఉండిపోయినాడు.

చెరువులు తెలిసిన తెలుగువారికి దీని నడక వివరించడం కష్టం కాదు. చెరువు బాగుండవలెనంటే మూడు బాగుండవలె: నీరు దిగే పరివాహపు నేల, నిలిచే గర్భం, పొంగి పారే కలుజు. కొడై సరస్సుకు కలుజు దాటిన నీరు వాగుగా పోయి, ఐదు మైళ్ళ దూరాన ఘాటు రోడ్డు పక్కన సుమారు 180 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. దానినే సిల్వర్ కాస్కేడ్ అంటారు. బస్సు ఎక్కివచ్చే ప్రతివారూ అక్కడ దిగి ఫోటోలు తీసుకొంటారు. ఆ నీరు తాము చూడబోయే సరస్సునుంచే వస్తున్నదని చాలామందికి తెలియదు. పైన సరస్సులో ఏమి పడవేస్తామో అది ఈ జలపాతంలో దిగుతుంది.

సరస్సు ఒడ్డునుంచి కొంతదూరం ఎక్కితే, కొండకొమ్మున సూర్యవేధశాల ఉన్నది. దీనికీ మన తెలుగునాటికీ ఉన్న సంబంధం చెప్పక తీరదు. 1876లో మొదలై 1878 వరకు దక్షిణదేశాన్ని దహించిన కరువును మన పెద్దలు "ధాత కరువు" అని చెప్పుకొనేవారు. ఆ ధాత సంవత్సరంలో వానలు ముఖం చాటువేసినవి. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నవి. లక్షలాది జనం ఆకలితో, ఆకలి వెంట వచ్చిన రోగాలతో మరణించినారు. ఆ తరువాత ప్రభుత్వంవారికీ శాస్త్రజ్ఞులకూ ఒక ఆలోచన కలిగినది. సూర్యునిమీద నల్లని మచ్చలు కొన్నియేళ్ళు పెరిగి, కొన్నియేళ్ళు తరిగి, సుమారు 11 సంవత్సరాలకు ఒక చుట్టు తిరుగుతవి. ఆ మచ్చలకూ మన వర్షాలకూ సంబంధమున్నదేమో, అది కనిపెడితే రాబోయే కరువును ముందుగా తెలుసుకోవచ్చునేమో అని. మైదానపు దుమ్ము, ఆవిరి లేని ఎత్తైన ప్రదేశం కావలసివచ్చి కొడైకెనాల్‌ను ఎన్నుకొన్నారు. 1895లో శంకుస్థాపన జరిగినది. 1899లో మద్రాసు వేధశాల పని చాలవరకు ఇక్కడికి మారినది. 1901లో పరిశీలనలు ఆరంభమైనవి.

కోరిన ఫలం దక్కినదా అంటే, దక్కలేదనే చెప్పవలె. సూర్యుని మచ్చలను పట్టుకొని మన వానలను ముందుగా చెప్పడం సాధ్యపడలేదు. భారత వాతావరణశాఖకు అధిపతిగా ఉండిన గిల్బర్ట్ వాకర్ దేశదేశాల లెక్కలను సరిపోల్చి, పసిఫిక్, హిందూ మహాసముద్రాలమీద గాలి ఒత్తిడి ఊయలవలె ఊగుతున్నదనీ, మన వానలకు దానితో సంబంధమున్నదనీ చూపినాడు. నేడు ఎల్ నినో అని మనం వార్తలలో వినే మాటకు ఆ ఊయలతో ముడి ఉన్నది. ధాత కరువునాటి అనావృష్టికి కూడా బలమైన ఎల్ నినోయే ముఖ్యకారణమని ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఐతే, వెదకినది దొరకకపోయినా వెదకులాట వ్యర్థం కాలేదు. 1909లో జాన్ ఎవర్షెడ్ అనే శాస్త్రజ్ఞుడు ఇక్కడనే, సూర్యుని మచ్చల అంచులలో వాయువులు నడుమనుంచి వెలుపలికి ప్రవహిస్తున్నవని కనుగొన్నాడు. రైలు మనవైపు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయేటప్పుడు బొంగురుగా వినబడుతుంది గదా! వెలుగులోనూ ఇటువంటి మార్పు ఉన్నది. మనవైపు వచ్చే వాయువు వెలుగు నీలివైపుకు, దూరమయ్యే దాని వెలుగు ఎరుపువైపుకు ఒరుగుతుంది. ఆ ఒరుగుదలను కొలిచి ఆయన ఈ ప్రవాహాన్ని పట్టుకొన్నాడు. నేటికీ శాస్త్రగ్రంథాలు దానిని ఆయన పేరుతోనే పిలుస్తున్నవి. ఇంతకంటె మాకు అబ్బురమనిపించినది మరొకటి. నూరు సంవత్సరాలకు పైగా, మబ్బులేని రోజులలో, ఇక్కడ సూర్యుని బొమ్మ తీస్తూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంత దీర్ఘకాలపు సూర్యచిత్రమాలలు చాలా అరుదు.

ఈ వేధశాలకు 1960లో అధిపతిగా వచ్చిన వైను బప్పు హైదరాబాదులో పెరిగిన వ్యక్తి. ఆయన తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి; కుమారుడు బాల్యంలోనే ఆ దూరదర్శినుల చెంత నక్షత్రాలను నేర్చి, నిజాం కళాశాలలో చదివినాడు. 1949లో అమెరికాలో ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడైనాడు. విశేషమేమనగా, కొడైకెనాల్‌కు రాకముందు ఆయన పనిచేసినది నైనితాల్ వేధశాలలో. అదికూడా కొండలనడుమ సరస్సు ఉన్న పట్టణమే.

మా వృత్తికి సంబంధించిన ఒక సంగతి కూడా చెప్పి ముందుకు పోతాము. ఈ కొండమీద ఆకాశవాణివారి ఎఫ్.ఎం. కేంద్రం ఉన్నది. ఎఫ్.ఎం. తరంగాలు ఇంచుమించు తిన్నగా ప్రయాణం చేస్తవి. కొండ అడ్డమైతే దాటలేవు. దీపం గూటిలో ఉంచితే గది ఒక్కటే వెలుగుతుంది, మేడమీద ఉంచితే వీధి అంతా వెలుగుతుంది. అటులే ఏడువేల అడుగుల ఎత్తున ఉన్న స్తంభంనుంచి వెలువడిన పాట దిగువ జిల్లాలు అనేకం వింటున్నవి.

పాటకంటె ముందు ఆ కొండలు దిగువ జిల్లాలకు ఇచ్చేది నీరు. అదెట్లాగో వివరించవలె. పళని కొండలపై సహజమైన అడవిని షోలా అంటారు. కొండల మడతలలో, వాగుల వెంట, పొట్టిగా, దట్టంగా, నాచు పట్టి ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్ల గుంపు అది. ఆ గుంపుల నడుమ గుండ్రని గుట్టలమీద గడ్డిబయళ్ళు. చూచేవారికి ఆ గడ్డి పనికిమాలిన బీడువలె కనబడుతుంది. తొలినాటి అధికారులకు అట్లే కనబడినది. కాని ఆ గడ్డి వేళ్ళు, దానికింది నల్లని మెత్తని నేల కలిసి తడిగుడ్డవలె పనిచేస్తవి. వాన కురిసినప్పుడు పీల్చుకొని, వాన వెలసిన నెలలలో బొట్టు బొట్టుగా వాగులకు విడుస్తవి. దక్షిణపువైపు దిగిన నీరు వైగై నదిని చేరుతుంది. ఉత్తరపువైపు దిగినది పళని పరిసరాల పొలాలను తడిపి, అమరావతి నది ద్వారా కావేరిని చేరుతుంది. కొండమీద గడ్డికి, క్రింద మడిలోని వరికి ఇంత సంబంధమున్నది.

ఈ బీడును బాగుచేయదలచి, వంటచెరకు కోసమూ, తోళ్ళు పదును చేసే బెరడు కోసమూ నీలగిరి చెట్లనూ, వాటిల్ అనే ఆస్ట్రేలియా తుమ్మజాతి చెట్లనూ, పైన్ చెట్లనూ నాటినారు. అవి నాటినచోట ఆగలేదు. వాటిల్ తనంతట తానే గడ్డిబయళ్ళలోనికి పాకినది. త్వరగా ఎదిగే ఈ చెట్లు నేలలోని నీటిని తామే తాగివేస్తవి. యాత్రికులు సంతోషంతో ఫోటోలు తీసుకొనే పైన్ తోపులు ఒకప్పటి గడ్డిబయళ్ళే. 2013లో ఈ కొండలలో పెద్దభాగాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించినారు. షోలా మొక్కలను పెంచి తిరిగి నాటే ప్రయత్నాలు కూడా జరుగుతున్నవి. నాశనమైన గడ్డిబయలును తిరిగి తేవడం అడవిని నాటడంకంటె కష్టమైన పని.

ఆ గడ్డిబయళ్ళలోనే కురింజి పూస్తుంది. పన్నెండేళ్ళకు ఒక్కసారి పూచి, విత్తనాలు రాల్చి, ఆ మొక్క చనిపోతుంది. మన పుష్కరాల లెక్కవంటిదే దానిదికూడా. ప్రాచీన తమిళ కవులు కొండసీమకు ఆ పువ్వు పేరే పెట్టినారు. 2006లోనూ, 2018లోనూ పూచినది. మరల 2030లో పూయవలె. ఊరిలో కురింజి ఆండవర్ అనే కుమారస్వామి ఆలయం ఉన్నది. మబ్బు లేనినాడు అక్కడనుంచి దూరాన పళని క్షేత్రం కనబడుతుంది.

మేము ఉన్న నాలుగవనాడు పాటి నవ్వులోని అర్థం బోధపడినది. తెల్లవారకముందే ఆమె వరండాలో ఆరు బిందెలు, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు వరుసగా పెట్టి కూర్చున్నది. కుళాయి ఆనాడు వస్తుంది. మరల ఎప్పుడు వచ్చేదీ నమ్మకం లేదు. ఎదుట అరవై ఎకరాల సరస్సు, ఇంటిలో బిందెల వరుస! "సరస్సు నీళ్ళు తాగరా?" అని అడిగినాము. తాగరని చెప్పినది. త్రాగునీరు వేరే జలాశయాలనుంచి వస్తుంది. సరస్సు ఒడ్డున వసతిగృహాలు పెరిగిన కొద్దీ మురుగునీరు అందులోనికి దిగినది. మురుగులోని పోషకపదార్థాలవల్ల నాచు, కలుపు పెరుగుతవి. అవి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరిస్తవి. చేపలకు ఊపిరి ఆడదు. చెరువులను ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. దీనికి తోడు, 1980 తరువాతి సంవత్సరాలలో ఈ కొండమీద నడచిన ఒక థర్మామీటర్ల కర్మాగారం పాదరసపు వ్యర్థాలను వదలినట్లు బయటపడి, అది 2001లో మూతపడినది. అక్కడి నేలను శుద్ధిచేసే విషయం దీర్ఘకాలం వివాదంగా సాగినది. అందులో పనిచేసిన 591 మందితో కంపెనీవారు 2016లో రాజీపడినారు. కొండ చిన్నదైనప్పుడు, ఒక మూల చేసిన తప్పు మరొక మూలకు చేరడానికి ఎంతో కాలం పట్టదు.

"మే నెలలో ఎట్లా?" అని పాటిని అడిగినాము. ఆమె కొంచెంసేపు ఆలోచించినది. "మీరు వస్తేనే మాకు అన్నం. అందరూ ఒక్కసారి వస్తే మాకు నీళ్ళు లేవు. వేసవిలో లారీ నీళ్ళు కొంటాను. గది అద్దెలో సగం దానికే పోతుంది. వచ్చినవారికి స్నానానికి నీళ్ళు లేవని చెప్పడానికి నోరు రాదు. నా మట్టుకు నేను రెండు చెంబులతో సరిపెట్టుకొంటాను." ఆమె ఇది ఫిర్యాదుగా చెప్పలేదు. మేము అడిగినందుకు లెక్క చెప్పినది. ఆనాటి ఉదయం మేము ఒక్కొక్కరము రెండు బాల్చీల వేడినీళ్ళతో స్నానం చేసినామని అప్పుడు జ్ఞాపకం వచ్చినది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ పట్టణంలో ఉన్నవారు 36,501 మంది. వేసవిలో వచ్చే వాహనాల వరుసలు మైళ్ళకొలది నిలిచిపోతవి. ఈ స్థితి చూచి మద్రాసు ఉన్నత న్యాయస్థానం 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్ళే వాహనాలు ముందుగా ఇ-పాసు పొందవలెనని ఉత్తరువు ఇచ్చినది. 2025 వేసవిలో కొడైకెనాల్‌కు రోజుకు 4,000, వారాంతపు దినాలలో 6,000 వాహనాలకు మించరాదని పరిమితి పెట్టినది. స్వాతంత్ర్యం ఉన్న దేశంలో చల్లగాలికి అనుమతిపత్రమా అని కొందరికి కష్టం తోచవచ్చు. బిందెల వరుసను చూచివచ్చిన మాకు అది కష్టంగా తోచలేదు.

అందుచేత, వెళ్ళదలచినవారికి మా మనవి ఇది. వీలైనంతవరకు మే నెలను విడిచి పొండి. జనవరి మొదలు మార్చి వరకు ఆకాశం తేటగా ఉంటుంది. చలిబట్టలు మాత్రం తప్పవు. అక్టోబరు, నవంబరులలో ఈశాన్య ఋతుపవనం వానలు, మంచు ఉంటవి. వానను ఇష్టపడేవారికి అదీ ఒక అందమే. సొంత వాహనంకంటె బస్సు మేలు. ఇ-పాసు నిబంధనలు ప్రయాణానికి ముందు విచారించుకోండి. చేరిన మొదటినాడు చుట్టుపక్కల చోట్లన్నీ చూడవలెననే ఆత్రం మాని, సరస్సు చుట్టూ మూడు మైళ్ళు ఉదయంపూట మెల్లగా నడవండి. కోకర్స్ వాక్ అనే కొండ అంచు బాటనుంచి మైదానాలను చూడండి. స్తంభాలవలె నిలిచిన పిల్లర్ రాక్స్ మంచులో మునిగి తేలడం చూడండి. పూంబారై గ్రామంలో మెట్లు మెట్లుగా ఉన్న పొలాలలో పండే కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మీరిచ్చే డబ్బు రైతుకు చేరేటట్లు అక్కడనే కొనండి. ప్లాస్టిక్ సీసాలు కొండకు తీసుకొని పోవద్దు. స్నానానికి ఒక్క బాల్చీ చాలును.

మేము దిగివచ్చేనాడు మంచు లేదు. రాత్రి వాన కురిసి, కలుజుమీదుగా నీరు పొర్లుతున్నది. ఒక పడవవాడు పడవలోని నీళ్ళు తోడి పోస్తున్నాడు. పాటి మాతోపాటు బస్సు నిలిచే చోటివరకు వచ్చినది. "వానలు బాగా పడినవి. ఈ ఏడు వేసవి గట్టెక్కుతుంది" అన్నది. "మరల రండి, మంచినెలలో రండి" అని, కాగితంలో చుట్టిన నాలుగు వెల్లుల్లి గడ్డలు మా చేతిలో పెట్టినది.

బస్సు సిల్వర్ కాస్కేడ్ వద్ద ఆగినది. అందరూ దిగినారు, మేమూ దిగినాము. రాత్రి కొండమీద పడిన వాన అక్కడ తెల్లగా దూకుతున్నది. దిగువ పొలాలలో ఎవరో ఆ నీటికోసం చూస్తూ ఉంటారు. ఆనాడు మేము ఫోటో తీసుకోలేదు. కొంతసేపు నిలిచి చూచి, మరల బస్సు ఎక్కినాము.